సెలరీ వర్కర్‌లో సర్వీసు కలిపాక టాస్కులు మాయమవుతున్నాయా, రెండుసార్లు నడుస్తున్నాయా?

సెలరీ అంటే పైథాన్‌లో పనులను (టాస్కులను) వెనకాల నడిపే సాధనం, వాటిని నడిపే ప్రాసెస్ వర్కర్. రిమైండర్లు పంపే చిన్న సర్వీసును సెంట్రల్ సెలరీ వర్కర్‌లో కలిపేశారు, బ్రోకర్ (టాస్కుల మెసేజ్‌లను క్యూలో ఉంచి వర్కర్లకు అందించేది) రెడిస్ అనుకుందాం. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులు దాదాపు ఈ రెండే.

సమస్య: కొన్ని టాస్కులు నడవడం లేదు

పాత సర్వీసు నిజంగా ఆగిందా? దయచేసి ముందు ఇది చూడండి. కోడంతా తిరగేసి చివర్లో ఇక్కడికి వచ్చేవాళ్లే ఎక్కువ. సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) స్టాప్ చేసి డిజేబుల్ చేయకపోతే, సర్వర్ రీబూట్ కాగానే అది మళ్లీ లేస్తుంది. క్యూ ఒకటే కాబట్టి కొన్ని టాస్కులు దాని చేతిలో పడతాయి. కొత్త టాస్కు పేరు దానికి తెలియదు. 'అన్‌రిజిస్టర్డ్ టాస్క్' అని లాగ్‌లో రాసి మెసేజ్‌ను పారేస్తుంది. ఆ లాగ్ పాత సర్వీసుది, మీరు వెతికేదేమో కొత్త వర్కర్‌ది. 'సెలరీ ఇన్‌స్పెక్ట్ పింగ్' కొడితే ఏయే వర్కర్లు బతికున్నాయో తెలిసిపోతుంది.

సమస్య: ఒకే రిమైండర్ రెండు మూడుసార్లు వెళ్తోంది

లాగ్‌లో 'రిసీవ్డ్' లైన్ల దగ్గర టాస్క్ ఐడీ చూడండి. ఐడీలు వేరువేరైతే పంపేవైపే తప్పుంది, బహుశా రెండు బీట్‌లు (టైమ్‌కు టాస్కులు పంపే సెలరీ షెడ్యూలర్) నడుస్తున్నాయి. ఒకే ఐడీ మళ్లీ మళ్లీ కనిపిస్తే మాత్రం విజిబిలిటీ టైమౌట్‌ను, అంటే వర్కర్ తీసుకున్న మెసేజ్‌కు అక్నాలెడ్జ్ కోసం ఆగే గడువును, అనుమానించాలి.

రెడిస్‌తో ఇది డిఫాల్ట్‌గా 3600 సెకన్లు, అంటే 1 గంట. 6 గంటల తర్వాత నడవాల్సిన టాస్కును వర్కర్ ఇప్పుడే తీసుకుని మెమరీలో పెట్టుకుంటుంది. టైమ్ వచ్చేదాకా అక్నాలెడ్జ్ చేయదు, అంటే 'అందింది' అని బ్రోకర్‌కు చెప్పదు. గంట దాటగానే, తీసుకున్న వర్కర్ పోయిందనుకుని ఆ మెసేజ్‌ మళ్లీ క్యూలోకి వెళ్తుంది. ఇంకో వర్కర్ అందుకుంటుంది. టైమ్ రాగానే అందరూ కలిసి పంపేస్తారు.

పాత సర్వీసు కాన్ఫిగ్‌లో ఎవరో ఈ విలువ పెంచి ఉంటారు. విలీనంలో టాస్కుల కోడ్ వస్తుంది, బ్రోకర్ ట్రాన్స్‌పోర్ట్ ఆప్షన్స్ అనే సెట్టింగ్‌లో ఉన్న ఆ ఒక్క లైన్ రాదు. కోడ్ రివ్యూలో కూడా దొరకదు, ఎందుకంటే మారిన కోడ్‌లో తప్పేమీ లేదు.

మీ టాస్కుల్లో అన్నిటికన్నా పొడవైన ఆలస్యం కంటే ఎక్కువగా టైమౌట్ పెట్టండి. ఆ బ్రోకర్‌ను వాడే ప్రతి యాప్‌లోనూ పెట్టాలి, ఒక్కదాంట్లో తక్కువున్నా అదే చెల్లుతుంది. అలాగని రోజుల తరబడి పెంచకండి. వర్కర్ నిజంగా చచ్చిపోతే దాని టాస్కులు అంతసేపూ ఇరుక్కుపోతాయి. రేపటి పని, ఎల్లుండి పని డేటాబేస్‌లో రాసుకుని, బీట్‌తో నిమిషానికోసారి చూసుకోవడం మేలు.

స్టేజింగ్‌లో (పరీక్షలకు వాడే సర్వర్‌లో) టైమౌట్ 60 సెకన్లు, కౌంట్‌డౌన్ (టాస్కు ఆలస్యం) 5 నిమిషాలు పెడితే అదే ఐడీ మళ్లీ రావడం కళ్లారా కనిపిస్తుంది.

టైమ్‌జోన్, సీరియలైజర్ (టాస్కు డేటాను మెసేజ్‌గా మార్చేది) తేడాలూ ఉంటాయి కానీ అరుదు. పైవి రెండూ చూశాకే వాటి జోలికి వెళ్లండి.