సుమత్రా ఖైదు నవలలు ఎలా చదవాలి: ఒక నర్సు మాట

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి, ఇప్పటి ఇండోనేషియాలోని సుమత్రా దీవి శిబిరాల్లో మగ్గిన ఆడవాళ్ల మీద నవల చేతికొస్తే, రిటైరైన స్టాఫ్ నర్సుగా నేను మొదట పాత్రల కాళ్లు చూస్తాను. పాలిష్ బియ్యం తప్ప ఇంకేమీ దొరకని చోట బి1 విటమిన్ లేక బెరిబెరి వస్తుంది. పాదాలకు నీరు దిగి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది. తిండి లేక నెలసరి ఆగిపోతుంది. మూడేళ్లు ఖైదులో మగ్గిన హీరోయిన్ నిగనిగలాడే జుట్టుతో బయటికొచ్చిందంటే, ఆ రచయిత శిబిరం గేటు దాటి లోపలికి వెళ్లలేదన్నమాట.

మలేరియా వచ్చే పేజీ దగ్గర ఇంకాస్త నిదానించండి. అప్పట్లో ప్రపంచానికి మలేరియా మందు క్వినైన్ చాలావరకు జావా సింకోనా చెట్ల తోటల నుంచే వచ్చేది. 1942లో ఆ తోటలు జపాన్ చేతిలో పడ్డాయి. అయినా పక్కనే సుమత్రాలో, బంకా దీవిలో ఖైదీలు ఆ మందు సరిగా అందక చనిపోయారు. కాబట్టి నవలలో "మందుల్లేవు" అని చదవగానే, మరి ఎవరి దగ్గరున్నాయి అని అడగండి. మంచి నవలైతే జవాబు చెబుతుంది.

అట్ట లోపలి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో కొన్ని తేదీలు రాసుకోండి. 1942 ఫిబ్రవరి 14న, సింగపూర్ నుంచి 65 మంది ఆస్ట్రేలియా నర్సులతో బయల్దేరిన వైనర్ బ్రూక్ ఓడను బాంబులేసి ముంచారు. 16న బంకా ఒడ్డున 22 మంది నర్సులను సముద్రంలోకి నడిపించి వెనక నుంచి కాల్చారు. వాళ్లలో బతికింది వివియన్ బుల్‌వింకెల్ ఒక్కరే. మొత్తం 65 మందిలో ఇంటికి చేరింది 24 మంది. జపాన్ లొంగుబాటు ప్రకటన 1945 ఆగస్టు 15న వచ్చింది, సుమత్రా శిబిరంలో ఆడవాళ్లకు చెప్పింది మాత్రం 24న. ఆ మధ్య రోజుల్ని రచయిత ఎగరగొట్టేశాడేమో చూడండి.

వాయిద్యాల్లేకుండా గొంతులతోనే సింఫనీ పాడారని ఉంటే కల్పన అనుకోవద్దు. 1943 డిసెంబరులో సుమత్రాలోని పాలెంబాంగ్ శిబిరంలో, ఖైదీలైన మార్గరెట్ డ్రైబర్గ్, నోరా చేంబర్స్ నడిపిన బృందం నిజంగానే పాడింది. తర్వాత పాడేవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటే కచేరీలు ఆగిపోయాయి. 1945 ఏప్రిల్‌లో డ్రైబర్గ్ కూడా పోయారు. కచేరీ చప్పట్లతోనే ముగిసే నవల నాకు నచ్చదు.

ఎవరు లేరో కూడా వెతకండి. డైరీలు రాసుకున్న యూరోపియన్, ఆస్ట్రేలియన్ ఆడవాళ్ల కథలే మనకు ఎక్కువగా దొరుకుతాయి. మలయా (ఇప్పటి మలేసియా) రబ్బరు తోటల నుంచి సయాం (థాయిలాండ్)-బర్మా రైలుదారి పనికి జపాన్ వాళ్లు తోలుకుపోయిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. తోటల్లో మిగిలిపోయిన వాళ్ల భార్యలు ఏం తిన్నారో, పిల్లల్ని ఎలా సాకారో రాసిన నవల మీకు దొరికితే ముందు అది చదవండి, ఇవన్నీ తర్వాత.

చివర్లో రచయిత మాట ఉంటే కథ అయ్యాకే చూడండి. ఏ పాత్ర నిజం, ఎవరెవరిని కలిపి ఒక్కరిని చేశారు అన్నది అందులో చెప్పకపోతే, ఆ పుస్తకంలోని సంగతుల్ని చరిత్ర అని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.