పాత పికప్‌లోకి డీజిల్ ఇంజన్: వెల్డింగు మొదలుపెట్టేముందు

మిషిగన్‌లో మంచు పడటం మొదలైందంటే పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లందరూ గ్యారేజీల్లోకి చేరతారు. మార్చి దాకా బండి రోడ్డెక్కే అవసరం లేదు కాబట్టి ఇంజన్ మార్చడానికి ఇదే అదను. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలోనూ ఈ పిచ్చి అంటుకున్నవాళ్లు ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. నా బండి 1970 నాటి షెవర్లే సీ10 పికప్. దాని ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజనును (వీ8ని) తీసేసి కమిన్స్ 4బీటీ పెట్టాను. 3.9 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ అది. నా చేతికి రాకముందు రొట్టెలు పంచే వ్యానులో తిరిగింది.

ఈ చలికాలం అదే పని తలపెట్టినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంజన్ కంపెనీ చేసింది, గేర్‌బాక్సు కంపెనీ చేసింది. ఆ రెండింటినీ బండితో కలిపే ముక్కలు మాత్రం మనం చేసినవి. తెగినా, విరిగినా, ఊడినా అవే.

అందుకే మొదట చేయాల్సిన ముక్క ఇంజన్ ఫౌండేషన్ (ఇంజనును చాసీ మీద నిలిపే మౌంటు) కాదు, బ్రేకు బ్రాకెట్టు. చాలామందికి ఇంజన్ కూర్చుని, బండి కదిలి, మొదటి మలుపు వచ్చేదాకా ఈ సంగతి గుర్తుకురాదు. పెట్రోలు ఇంజనులో గాలిదారికి ఒక రేకు మూత ఉంటుంది. అది మూసుకున్నప్పుడు లోపల పుట్టే వాక్యూమ్ వల్లనే, కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్ పనిచేస్తుంది. ఈ పాత డీజిల్‌లో ఆ మూత లేదు, ఆ వాక్యూమూ లేదు. పాత బూస్టర్‌ను అలాగే వదిలేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. విడిగా వాక్యూమ్ పంపు పెట్టుకోవాలి, లేదా పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రోబూస్ట్ పెట్టుకోవాలి. నేను హైడ్రోబూస్ట్ పెట్టాను. దాని బ్రాకెట్టును ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ముందు గోడ రేకుకు నేరుగా బిగించకండి. ఆ రేకు పలుచన. గట్టిగా తొక్కినప్పుడు గోడే ముందుకు ఉబ్బి, పెడల్ మెత్తగా దిగుతుంది. క్యాబిన్ లోపలి వైపు పావు అంగుళం మందం ప్లేటు వేసి, రేకును రెండు ప్లేట్ల మధ్య పట్టి బిగించాలి. తరువాత ఒకరిని పెడల్ మీద గట్టిగా తొక్కమని, మీరు బయట నిలబడి ఆ గోడనే చూడండి. కదిలితే కంటికి కనిపిస్తుంది.

సీ10కు ముందు చక్రాల డిస్కు బ్రేకులు 1971లో వచ్చాయి. నాది 1970ది కాబట్టి నాలుగూ డ్రమ్ములే. పాత వీ8 కన్నా ఈ ఇంజన్ దాదాపు 80 కిలోలు బరువెక్కువ, ఆ బరువంతా ముక్కు మీదే. ముందు చక్రాలకు డిస్కులు, కొత్త స్ప్రింగులు వేసిన తరువాతే ఇంజన్ పని ముట్టుకున్నాను. 1967కు ముందు బండి అయితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును చక్రాలకు తోసేది) ఒకే గదిది ఉంటుంది. ఎక్కడో ఒక గొట్టం కారిందంటే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. దాన్ని మార్చకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇక పెట్రోలు ట్యాంకు. ఈ తరం సీ10లో అది సీటు వెనక, క్యాబిన్ లోపలే ఉంటుంది. అంటే మీరు ముందు గోడ దగ్గర గ్రైండర్ పట్టుకుంటే, ట్యాంకు మీకు రెండు మూరల దూరంలో ఉన్నట్టు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకుకే భయపడాలి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. ఖాళీ ట్యాంకులో సరిగ్గా అలాంటి మిశ్రమమే తయారవుతుంది. దాన్ని విప్పి గ్యారేజీలో ఓ మూల పెట్టడం కాదు, గ్యారేజీ దాటించాలి. దానికి సొట్టలు తీయాలన్నా, గొట్టం అతకాలన్నా ఆ పని తెలిసిన రేడియేటర్ షాపుకు ఇవ్వండి. డీజిల్‌కు అదే ట్యాంకు వాడదలిస్తే అడుగున పెట్రోలు చుక్క మిగలకూడదు. ఇంజెక్షన్ పంపుకు డీజిలే నూనె. పెట్రోలు కలిస్తే ఆ జారుడు పోయి లోపలి భాగాలు ఒరుసుకుపోతాయి. కొత్త లైన్లకు రాగి గొట్టాలు, జింకు పూత ఫిట్టింగులు వద్దు. డీజిల్ వాటితో పడదు.

నిప్పురవ్వ గురించి నా అనుభవం ఒకటి. ట్యాంకు తీసేశాను, మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకున్నాను, ఇక భయం లేదనుకుని గేర్ లివర్ కోసం నేల రేకు కోశాను. పని అయ్యాక చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాను. ముప్పావు గంట తరువాత టార్చిలైటు మరచిపోయానని తిరిగి వచ్చి చూస్తే, సీటు కింద కార్పెట్టుకు వేసిన పాత జనపనార పరుపు నుంచి సన్నగా పొగ. మంట లేదు, రాజుకుంటోందంతే. అరచేతి మందాన ఎర్రటి అంచు మెల్లగా పాకుతోంది. అప్పటి నుంచి నిప్పు పని అయ్యాక ఒక గంటసేపు గ్యారేజీ వదిలి వెళ్లను. చివరి గంటకు ఊడ్చడం, పానాలు సర్దడం లాంటి పనులు దాచుకుంటాను. క్యాబిన్‌లోని పరుపులు, సీట్లు, రబ్బరు చాపలు మొత్తం ముందే బయటికి తీయండి. తడిగుడ్డ కప్పితే చాలదు.

వెల్డింగు చేసే చోటును దేనితో తుడిచారన్నది కూడా ముఖ్యం. బ్రేకు క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ కలిసినవి కొన్ని ఉంటాయి. ఆ తడి ఆరకుండా ఆర్కు వెలిగిస్తే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విషవాయువే అది. డబ్బా మీద క్లోరిన్ లేదని రాసి ఉన్నదే కొనండి, అదీ పూర్తిగా ఆరాకే వెలిగించండి. జింకు పూత ఉన్న ఇనుమును గ్రైండ్ చేసి పూత తీయకుండా వెల్డింగు చేస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఇక్కడి పాత వెల్డర్లు పాలు తాగమంటారు, మన ఊళ్లలో బెల్లం తినమంటారు. రెండూ రుచిగానే ఉంటాయి, పొగను మాత్రం ఆపవు. పసుపు మెరుపుతో ఉండే పాత బోల్టుల మీద క్యాడ్మియం పూత ఉండవచ్చు. వాటిని వేడి చేయకండి, ఆ పొగ ప్రాణాల మీదికి తెస్తుంది. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేటులో ఆస్‌బెస్టాస్ ఉంటుందనే అనుకుని, ఎయిర్ గన్‌తో ఊదకుండా తడిపి తుడవండి.

చలికి తలుపు పూర్తిగా మూయాలనిపిస్తుంది. ప్రొపేన్ హీటరు, వెల్డింగు పొగ, గ్యాసు అన్నీ ఆ మూసిన గదిలోనే ఉండిపోతాయి. తలుపును జానెడు ఎత్తి ఉంచి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తగిలించండి. వేళ్లు కొంకర్లు పోతున్నాయని డ్రిల్ ప్రెస్ దగ్గర, లేతు దగ్గర చేతి తొడుగులు వేసుకోకండి. తిరిగే బిట్టు తొడుగును పట్టుకుంటే చేతిని కూడా లాగేసుకుంటుంది.

ఇంజన్ ఎత్తడం గురించి. 4బీటీ బరువు సుమారు 340 కిలోలు. ఆరు సిలిండర్ల అన్న 6బీటీ అయితే 500 కిలోల దాకా ఉంటుంది. అద్దెకు దొరికే హాయిస్టు (ఇంజన్ ఎత్తే క్రేను) మీద రెండు టన్నులు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాని చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి లెక్క అది. పూర్తిగా చాపితే చాలావాటికి అర టన్నే. నేను రేడియేటర్ ముందరి రేకులు విప్పడానికి బద్ధకించి, చెయ్యి పూర్తిగా చాపి, గేర్‌బాక్సుతో సహా ఎత్తాను. హాయిస్టు వెనక చక్రాలు నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు లేచాయి. అదృష్టం బాగుండి కిందికి దించగలిగాను. ముందరి రేకులు విప్పడానికి పట్టేది రెండు గంటలు. హార్డ్‌వేర్ దుకాణంలోని మామూలు గొలుసు ఎత్తే పనికి కాదు, గ్రేడ్ 80 గొలుసు తీసుకోండి. ఇంజన్ గాలిలో ఉన్నంతసేపు ఫౌండేషన్ బోల్టు కోసం దాని కిందికి చెయ్యి పెట్టొద్దు.

ఇప్పుడు ఫౌండేషన్లు. పని మొత్తంలో ఎక్కువ రోజులు ఇక్కడే గడపండి. నాలుగు సిలిండర్ల ఈ ఇంజనుకు అదురును సరిచేసే బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. ఐడిల్‌లో అద్దంలోని బొమ్మ కూడా కనిపించనంతగా ఊపుతుంది. ఇంజనును గట్టి ఇనుముతో చాసీకి నేరుగా బిగిస్తే ఆ అదురంతా మీ వెల్డింగును రోజూ వంచి నిఠారు చేస్తూ ఉంటుంది. మంచి మందం గల రబ్బరు ఫౌండేషన్లే వాడండి. ముందు అట్టముక్కతో నమూనా కోసి, ఇంజనును దాని స్థానంలో నిలబెట్టి, ఆయిల్ పాన్‌కూ క్రాస్‌మెంబర్‌కూ (చాసీ అడ్డపట్టెకూ) మధ్య కనీసం అంగుళం ఖాళీ చూసుకోవాలి. అప్పుడు పావు అంగుళం ప్లేటు కోసి, చుక్క వెల్డింగుతో నిలిపి, బండిని చక్రాల మీదికి దించి, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూసిన తరువాతే పూర్తి అతుకు వేయాలి.

చాసీ పట్టె మీద పై నుంచి కిందికి నిలువు గీతగా అతుకు వేయకండి, ఆ గీత వెంబడే పగులుతుంది. అతికే ప్లేటును సమచతురస్రంగా కాక వజ్రం ఆకారంలో కోస్తే, బలం ఒకే గీత మీద పడకుండా పంచుకుపోతుంది. పట్టె పై అంచుకూ కింది అంచుకూ రంధ్రాలు వేయొద్దు. ఇంటి ప్లగ్గుకు పెట్టుకునే చిన్న వెల్డింగు మెషిను పావు అంగుళం ప్లేటులోకి దిగదు. పైన ముత్యాల వరుసలా కనిపిస్తుంది, లోపల అంటుకోదు. అదే మందం తుక్కు ముక్కలు రెండు అతికి, వైసులో పట్టి, సుత్తితో వంచి చూడండి. అతుకు ఊడి వచ్చేసిందంటే చాసీ పనికి తెలిసిన వెల్డరును పిలవండి. బ్యాటరీ విప్పి దూరం పెట్టండి. ఎర్తు క్లాంపు అతికే చోటికి జానెడు దూరంలోనే ఉండాలి. ఎక్కడో బంపరుకు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది.

ఇంజనును గేర్‌బాక్సుకు కలిపే అడాప్టర్ ప్లేటు మాత్రం సొంతంగా కోయకండి, కొనండి. క్రాంకు మధ్యబిందువుకూ గేర్‌బాక్సు మధ్యబిందువుకూ తేడా అంగుళంలో వెయ్యింట 5 వంతులు దాటకూడదు. కొన్నదాన్ని కూడా డయల్ గేజితో కొలిచే బిగించాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. దాన్ని బ్యాలెన్సు చేసే షాపులో చేయించి, రెండు చివర్ల క్రాసుల (యూనివర్సల్ జాయింట్ల) కోణాలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

4బీటీ, 6బీటీ పాతవి కొన్నవాళ్లు ఇంజన్ ముందుభాగం మూత విప్పి టైమింగ్ గేర్ల దగ్గరి డోవెల్ పిన్నును (భాగాలను సరిగ్గా కూర్చోబెట్టే చిన్న ఇనుప పుల్లను) చూడాలి. అది అదురుకు జారి గేర్లలో పడుతుంది. చిన్న రేకు ముక్కను బోల్టు కింద అడ్డం పెడితే సరిపోతుంది. ఇంజన్ బయట ఉన్నప్పుడు గంట పని, లోపల ఉంటే వారాంతం మొత్తం.

కాగితాల సంగతి ఒక్క మాట. ఇక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, ముందే అడిగి తెలుసుకోండి. ఇండియాలో పాత జీపుకు ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి, ఆర్టీఓ అనుమతి తీసుకున్నాకే పానా పట్టాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు టర్బో (ఇంజనులోకి గాలిని తోసే పంకా) మూతికి ఫిల్టర్ లేకపోతే, ఆ మూతి కన్నా పెద్దదైన ప్లైవుడ్ చెక్కతో ఒకరు పక్కన నిలబడాలి. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిలునే తాగడం మొదలుపెడితే తాళం తీసినా ఆగదు, గాలి మూస్తేనే ఆగుతుంది. చేత్తో మూయకూడదు, గుడ్డతో అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది. నా వెనక మా ఆవిడ ఆ చెక్కతో నిలబడింది. నేను తాళం తిప్పేముందు రెండుసార్లు అభ్యాసం కూడా చేయించింది. డీజిల్ లైను ఎక్కడ కారుతోందో వేలితో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజెక్టర్ లైన్ల ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆస్పత్రికి వెళ్లకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు.

బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా ప్లేటు దాకా తెల్ల రంగుతో ఒక గీత గీయండి. వంద మైళ్లు తిరిగాక బండి కిందికి దూరి చూస్తే, గీత తెగిన బోల్టు ఏదో టార్చి వెలుగులో ఇట్టే తెలిసిపోతుంది. నాకు మొదటిసారి మూడు దొరికాయి, మూడూ ఎడమవైపు ఫౌండేషన్‌వే.