రెడ్ క్లోవర్ పూలు మందుగా వాడాలంటే: కోత, ఆరబెట్టడం, మోతాదు, జాగ్రత్తలు

రెడ్ క్లోవర్ చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రనామం ట్రైఫోలియం ప్రాటెన్స్. మందుగా వాడేది పూలగుత్తిని, దాని కిందే అంటుకుని ఉండే ఒకటి రెండు ఆకులను. ఇందులోని ఐసోఫ్లేవోన్లు అనే సహజ రసాయనాలు, ముఖ్యంగా ఫార్మోనోనెటిన్, బయోకానిన్-ఎ, ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లాగే పనిచేస్తాయి, కాకపోతే చాలా బలహీనంగా. ఈ మూలిక వల్ల మేలు జరిగినా, కీడు జరిగినా ఎక్కువగా కారణం ఈ గుణమే.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. ఒక్కో ఆకులో మూడు రెక్కలుంటాయి, వాటి మీద సాధారణంగా తెల్లటి వి ఆకారపు మచ్చ కనిపిస్తుంది. కాడ మీద సన్నటి నూగు ఉంటుంది. గులాబీ-ఊదా రంగు పూలగుత్తికి సరిగ్గా కిందే ఆకులుంటాయి. తెల్ల క్లోవర్ నేల మీద పాకుతుంది, దాని పూగుత్తి ఆకుల్లేని పొడవాటి కాడ మీద నిలబడుతుంది. దీన్నే పోలి ఉండే ఆల్సైక్ క్లోవర్ ఆకుల మీద వి మచ్చ ఉండదు.

మంచు ఆరిపోయాక, ఎండ ముదరక ముందు కోయండి. నిండా విచ్చుకున్న గుత్తులే కావాలి. గుత్తి అడుగున పూరేకులు గోధుమరంగుకి తిరిగితే దాన్ని వదిలేయండి. కోసిన పూలను కడగకూడదు. సన్నటి గొట్టాల్లాంటి ఆ పూలలోకి నీరు చేరితే ఓ పట్టాన ఆరదు. అందుకే రోడ్డు పక్కనా, కలుపు మందు కొట్టిన చోటా అసలు కోయకండి.

ఇక ఆరబెట్టడం. చాలామంది తేలిగ్గా తీసుకునేది దీన్నే, అసలు ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. క్లోవర్ జాతి మొక్కల్లో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. అది మామూలుగా రక్తాన్ని పల్చబరచదు. కానీ బూజు పడితే, ఆ బూజు కూమరిన్‌ను డైకూమరాల్‌గా మార్చేస్తుంది. డైకూమరాల్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ (ఇది వేరే మొక్క) గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. ఆ విషం మీద జరిగిన పరిశోధనే తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మందుకు దారితీసింది. స్వీట్ క్లోవర్‌తో పోలిస్తే రెడ్ క్లోవర్‌లో కూమరిన్ బాగా తక్కువే. అయినా బూజు వాసన తగిలిన పూలను వాడే సాహసం చేయవద్దు.

గుత్తులు ఒకదానికొకటి తగలకుండా జల్లెడ మీదో, పల్చటి గుడ్డ మీదో ఒకే వరుసలో పరచండి. గాలి బాగా ఆడే నీడపట్టున ఉంచండి. ఎండలో పెడితే రంగు పోతుంది. డ్రయర్ ఉంటే 35-40 డిగ్రీల సెల్సియస్ చాలు. పైరేకులు గలగలమంటున్నాయి కదా అని ఎత్తేయకండి, చివరగా ఆరేది గుత్తి నడిమి కాడ. ఒక గుత్తిని విప్పి చూడండి. నడిమి కాడ పుటుక్కున విరిగితే ఆరినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. సీసాలో పోశాక మొదటి వారం రోజూ గమనించండి. గాజు లోపల చెమ్మ కనబడితే వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టండి. ఒక్క గుత్తికి బూజు కనబడినా సీసా మొత్తం పారేయండి. మరిగిస్తే పోతుందిలే అనుకోవద్దు. సరిగ్గా ఆరిన పూలలో గులాబీ ఛాయ మిగిలే ఉంటుంది. గాలి చొరని సీసాలో, చీకట్లో ఉంచి ఏడాదిలోపు వాడేయండి.

కషాయానికి సంప్రదాయ మోతాదు పూటకు 4 గ్రాముల ఎండు పూలు, రోజుకు మూడుసార్ల వరకు. 250 మి.లీ. మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి, 10-15 నిమిషాలాగి వడకట్టండి. ఐసోఫ్లేవోన్లు నీళ్లలో సరిగ్గా కరగవు, అందుకే కషాయంలోకి దిగేది కొద్దిగానే. మెనోపాజ్‌లో (ముట్లుడిగే దశలో) వచ్చే వేడి ఆవిర్ల కోసం పరీక్షించింది ఎక్కువగా మాత్రలను, వాటిలో రోజుకు 40-80 మి.గ్రా. ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. కొనేటప్పుడు లేబుల్ మీద మూలిక బరువు కాదు, ఈ అంకె చూడాలి.

ఫలితం విషయంలో ఆశ ఎక్కువ పెట్టుకోకండి. 2003లో 252 మంది మహిళలతో 12 వారాలు జరిగిన అధ్యయనంలో ఉత్తుత్తి మాత్రలకూ, క్లోవర్ మాత్రలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరికొన్నింటిలో ఆవిర్లు కొంత తగ్గాయి. వాడి చూడదలిస్తే రోజుకు ఎన్నిసార్లు ఆవిర్లు వస్తున్నాయో ముందు నుంచే రాసుకోండి, మూడు నెలలకూ తేడా లేకపోతే మానేయండి. దగ్గుకూ, చర్మవ్యాధులకూ వాడటం పాతకాలం నుంచి ఉన్నదే గానీ గట్టి రుజువు లేదు. క్యాన్సర్ తగ్గిస్తుందన్న ప్రచారాన్ని మాత్రం అస్సలు నమ్మకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దీన్ని వాడకూడదు. రొమ్ము, గర్భాశయం, అండాశయాల క్యాన్సర్ ఉన్నవారు, గతంలో వచ్చినవారు, ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు ఉన్నవారు, రక్తం గడ్డకట్టడంలో లోపాలున్నవారు దూరంగా ఉండాలి. వార్ఫరిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టామాక్సిఫెన్, మెథోట్రెక్సేట్, గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మందులు వేసుకునేవారు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేయాలి.

కొందరికి దద్దుర్లు, వికారం, తలనొప్పి రావచ్చు. చిగుళ్ల నుంచి రక్తం కారినా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడినా వెంటనే మానేసి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తస్రావం కనబడితే ‘మూలిక వల్లేలే’ అని సరిపెట్టుకోకుండా అదే వారం పరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు సీసా గానీ మాత్రల డబ్బా గానీ వెంట తీసుకెళ్లి, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి.