టీమ్ లీడర్ పాఠాలు - 4: అడిగితే ఫిర్యాదులు మొదలయ్యాయా?

పోయిన పాఠంలో ఇచ్చిన పని ఒక్కటే. టీమ్‌లో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నీ పనికి ఏం అడ్డొస్తోంది?" అని అడగమన్నాను. అడిగారు, ఇప్పుడు నా మీద పడ్డారు. "అప్పటిదాకా కిక్కురుమనని టీమ్ ఫిర్యాదుల పుట్ట అయింది సార్" అని.

అలాగే అవుతుంది. ముందే చెప్పకపోవడం నా తప్పు. సేవక నాయకత్వంలో, అంటే ఆజ్ఞలివ్వడం కన్నా టీమ్ ఎదగడానికి సాయపడటమే లీడర్ పని అనుకునే పద్ధతిలో, మొదట కనిపించే ఫలితం ఇదే, దాచుకున్నవి బయటికొస్తాయి. 1990ల్లో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కేస్తే, బాగా నడిచే నర్సు బృందాల్లోనే ఎక్కువ తేలాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయపడకుండా చెప్పుకున్నారు కాబట్టి. అడిగినా ఎవరూ ఏమీ చెప్పలేదంటారా, టెన్షన్ పడాల్సింది మీరే.

ఇక నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. సేవ అనగానే టీమ్ వాళ్ల పని మీ నెత్తినేసుకోవడం. నేనూ చేశాను. కొత్తగా చేరిన అమ్మాయి ఎక్సెల్ రిపోర్ట్‌తో తంటాలు పడుతుంటే రాత్రి పదకొండింటికి ఫార్ములాలు నేనే సరిచేసి పంపేవాణ్ణి, అలా మూడు నెలలు, పైగా ఎంత మంచి లీడర్‌నో అని లోపల మురిసిపోతూ. నేను జ్వరంతో నాలుగు రోజులు మంచమెక్కితే రిపోర్ట్ ఆగిపోయింది. అడిగితే ఆ అమ్మాయి మెల్లగా అంది, "ఎప్పుడూ నన్ను చెయ్యనివ్వలేదు కదా సార్."

సేవక నాయకత్వం అని పేరు పెట్టిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్, అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో దశాబ్దాలు పనిచేసినాయన, 1970లో రాసిన వ్యాసంలో పెట్టిన పరీక్ష ఇది: మీ సేవ అందుకున్నవాళ్లు ఎదిగారా, సొంతంగా నిలబడుతున్నారా, తామూ ఇంకొకరికి సేవ చేసేలా తయారవుతున్నారా? సార్ ఎంత అలిసిపోయారన్న ప్రశ్న అందులో లేదు.

కాబట్టి అడ్డం ఎలాంటిదో చూడండి. పర్మిషన్, యాక్సెస్, పక్క డిపార్ట్‌మెంట్ నాన్చుడు లాంటివి మీరే తియ్యాలి, ఆ రోజే. పని రాకపోతే పక్కన కూర్చోండి, మౌస్ ముట్టుకోకండి. నేనైతే రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాను, లేకపోతే చెయ్యి ఆగదు. జీతం పెంపులాంటిది మీ చేతిలో లేదా, లేదనే చెప్పండి. "చూద్దాం" అనొద్దు.

ఫిర్యాదు తీరిందో లేదో తేల్చేది కూడా మీరు కాదు. సీఈఓ వినీత్ నాయర్ హయాంలో ఐటీ కంపెనీ హెచ్‌సీఎల్ టెక్నాలజీస్‌లో ఉద్యోగి పెట్టిన ఫిర్యాదు టికెట్‌ను మూసే హక్కు ఆ ఉద్యోగికే ఉండేది. మీకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు, కొట్టివేత గీత మాత్రం వాళ్ల చేత గీయించండి.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు రెండు రోజులు సెలవు పెట్టి ఫోన్ ఆఫ్ చెయ్యండి. నిజంగా ఆఫ్, సైలెంట్ కాదు. తిరిగొచ్చాక ఏయే పనులు ఆగాయో రాసుకోండి. ఐదో పాఠం ఆ చిట్టాతోనే మొదలవుతుంది.