తండ్రి ఆస్తిలో కూతురి వాటా: సంతకానికి ముందు, తరువాత

బ్రిటిష్ పాలనలో వచ్చిన 1937 నాటి చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది గాని, దానిని ఆమె జీవితకాలపు అనుభవానికే పరిమితం చేసింది. స్వాతంత్ర్యం తరువాత 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తీసివేసినా, పిత్రార్జితంలో, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తిలో, పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు కల్పించగా, 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణతో పెళ్లితో నిమిత్తం లేకుండా దాదాపు దేశమంతటా కూతుళ్లందరికీ అది దక్కింది. అయినా ఈనాటికీ చాలామంది ఆడపిల్లలు ఆ వాటాను ఒక్క సంతకంతో వదులుకుంటున్నారు.

ముందుగా ఆస్తి ఏ రకానిదో తేల్చుకోవాలి. పిత్రార్జితమైతే మీ వాటా మీ అన్నదమ్ముల వాటాతో సమానం. తండ్రి 2005 నాటికే మరణించినా ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది. స్వార్జితమైతే, అంటే తండ్రి స్వయంగా సంపాదించినదైతే, ఆయన దానిని వీలునామాతో ఎవరికైనా ఇవ్వవచ్చు. వీలునామా లేకుండా మరణిస్తే భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగాలు వస్తాయి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే నియమాలున్నాయి. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం సాధారణంగా వర్తించదు.

తరువాత కాగితాలు సేకరించండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుంటే ఏ అమ్మకాలు, పంపకాలు రిజిస్టరయ్యాయో తెలుస్తుంది. భూమి ఎవరి పేరున ఉన్నదో ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బీ, తెలంగాణలో పహాణీ అనే రెవెన్యూ రికార్డులు చెబుతాయి. పాసుపుస్తకంలో అన్న పేరొక్కటే ఉన్నంత మాత్రాన మీ హక్కు రద్దు కాదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాన్ని గాని, అంతకు ముందు జరిగిన అమ్మకాన్ని గాని మాత్రం 2005 సవరణ ఆధారంగా తిరగదోడలేరు.

అసలు జాగ్రత్త సంతకం దగ్గరే కావాలి. తండ్రి పెద్దకర్మ ముగిసీ ముగియక ముందే, బ్యాంకు పని కోసమంటూ ముందు పెట్టే కాగితం హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటాను వదులుకొన్నట్లు రాసే పత్రం, కావచ్చు. ఆ దుఃఖంలో అడిగితే ఎవరు కాదంటారు? అందుకే ప్రతిని ఇంటికి తీసుకువెళ్లి, చదివించుకొని, ఆ తరువాతే జవాబు చెప్పండి. పెళ్లిలో కట్నం ఇచ్చామన్న మాట వాటాను తగ్గించదు. 1961 నుంచి కట్నం ఇవ్వడమే నేరమైనప్పుడు దానిని లెక్కలో చూపడం వింతే. ఇక పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయం నిజమైనదే, దానిని ఏ చట్టమూ తీర్చలేదు. ఆ బంధం కోసం కొంత వదులుకోదలిస్తే వదులుకోండి, కాని వాటా విలువ ఎంతో తెలుసుకొన్న తరువాతే వదులుకోండి.

మాట కుదిరితే పారిఖత్తు (పంపకాల పత్రం) రాయించి రిజిస్టరు చేయించాలి. భూమికి బదులు సొమ్ము తీసుకొనేటట్లయితే, అది మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో జమ అయిన తరువాతే విడుదల దస్తావేజుపై సంతకం చేయండి.

కుదరకపోతే సివిల్ కోర్టులో విభజన దావా వేయవచ్చు. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు ఉంటుంది. దావాతో పాటే, ఆస్తిని అమ్మకుండా తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు కోరడం మంచిది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయవాది లభిస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడేముందు బాగా ఆలోచించండి, ఆ తీర్పుపై అప్పీలు ఉండదు.

వాటా చేతికి వచ్చాక దానిని భర్త పేరునో, కొడుకు పేరునో మార్చే తొందర వద్దు. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) మీ పేరునే చేయించుకొని, పాసుపుస్తకం మీ దగ్గరే ఉంచుకొని, మీ తదనంతరం అది ఎవరికి చెందాలో వీలునామా రాయండి. అది లేకపోతే, సంతానం లేని స్త్రీకి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే చేరుతుంది.