సంక్రాంతికి ఊరెళ్ళే ముందు కారు బ్యాటరీ సంగతి చూసుకోండి

డిసెంబరు మూడో వారం నుంచి మినియాపొలిస్, షికాగో, డెట్రాయిట్, బఫెలోల్లో మనవాళ్ళు వరసగా విమానాలెక్కుతారు. పండగ చేసుకుని జనవరి చివర్లో తిరిగొస్తారు. పెట్టెల నిండా పచ్చళ్ళు, అరిసెలు. బయట మైనస్ 15 డిగ్రీలు. పార్కింగ్‌లో మంచు కింద కారు. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోదు, లోపల దీపం వెలగదు. తెల్లారితే ఆఫీసు. ఏటా ఇదే జరుగుతోంది, ఏటా కొత్తవాళ్ళే ఇరుక్కుంటున్నారు. కారు ఎలా కొనాలి, లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి అని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. బ్యాటరీ గురించి మాత్రం కారు కదలని రోజు వరకూ ఎవరూ నోరెత్తరు.

ముందు లెక్క చూడండి. కారు ఆపి తాళం వేసినా అది పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ కోసం ఎదురుచూసే రిసీవర్, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, ఇవన్నీ కలిసి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీఆంప్స్ లోపు ఉంటే మామూలే అంటారు. 40 అనుకోండి. రోజుకి సుమారు ఒక ఆంప్-అవర్, అంటే ఒక ఆంపు కరెంటు గంటసేపు తీసినంత. 35 రోజులకి 34. మీ కరోలాలోనో సివిక్‌లోనో ఉండే బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 45 నుంచి 60 ఆంప్-అవర్లు. నిండుగా వదిలి వెళ్తే, తిరిగొచ్చేసరికి మూడో వంతు మిగలొచ్చు.

అసలు చిక్కు ఏమిటంటే, ఎవరూ నిండుగా వదిలి వెళ్ళరు. చలికాలంలో అపార్ట్‌మెంట్ నుంచి క్యాంపస్‌కి ఏడు నిమిషాలు, అక్కణ్ణుంచి గ్రోసరీకి అయిదు నిమిషాలు. ఆ కాసేపట్లోనే సీటు హీటర్, వెనక అద్దం డీఫ్రాస్టర్, బ్లోయరు, హెడ్‌లైట్లు అన్నీ ఆన్‌లో ఉంటాయి. స్టార్ట్ చేయడానికి తీసుకున్నది ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని నింపేది) తిరిగి పెట్టేలోపే ఇంజను ఆపేస్తారు. నెలంతా ఇలా తిరిగిన బ్యాటరీ 70 శాతం దగ్గర ఉంటుంది. అందులోంచి ఆ 34 ఆంప్-అవర్లు తీసేస్తే మిగిలేది దాదాపు సున్నా. కాబట్టి బ్యాటరీ మీరు ఊళ్ళో ఉన్నప్పుడు చచ్చిపోయిందనుకోకండి. మీరు వెళ్ళేటప్పటికే దానికి సగం జబ్బు చేసి ఉంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దీన్ని రెండుసార్లు చదవండి. ఖాళీ అయిన బ్యాటరీ గడ్డకడుతుంది. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన నీళ్ళు. ఛార్జు నిండుగా ఉంటే ఆమ్లం చిక్కగా ఉంటుంది, మైనస్ 50 సెల్సియస్‌కి కూడా గడ్డకట్టదు. ఛార్జు దిగేకొద్దీ ఆమ్లం లోపలి సీసపు పలకల్లోకి చేరిపోయి, మిగిలిన ద్రవం నీళ్ళకు దగ్గరవుతుంది. పూర్తిగా ఖాళీ అయితే మైనస్ 7 దగ్గరే, అంటే ఇక్కడి లెక్కలో 20 ఫారెన్‌హీట్ దగ్గరే, మంచుగడ్డ అయిపోతుంది. మినియాపొలిస్ జనవరి రాత్రులు మామూలుగానే అంతకన్నా చల్లగా ఉంటాయి. గడ్డకట్టిన నీరు ఉబ్బుతుంది, పలకలు వంగుతాయి, డబ్బా పగులుతుంది. ఆ తర్వాత ఎంత మంచి ఛార్జరు తెచ్చినా లాభం లేదు.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. గడ్డకట్టిన బ్యాటరీకి జంపర్ కేబుల్స్ తగిలించకూడదు, ఛార్జరూ పెట్టకూడదు. పేలి ఆమ్లం ముఖం మీద చిమ్మే అవకాశం ఉంది. అయిదు వారాల తర్వాత వచ్చి, చలి గట్టిగా ఉండి, కారులో ఒక్క లైటు కూడా వెలగకపోతే ముందు హుడ్ తెరిచి బ్యాటరీ పక్కలు చూడండి. ఉబ్బిందా, పగులు ఉందా, మూతల చుట్టూ తడి ఉందా? వీటిలో ఏది ఉన్నా చేయి వెనక్కి తీసుకోండి, కొత్త బ్యాటరీ కొనండి. పైకి బాగానే ఉంటే విప్పి, నిటారుగా పట్టుకుని, వెచ్చటి గరాజులో ఒక రోజు ఉంచి, మళ్ళీ పక్కలు చూసి, అప్పుడు ఛార్జింగ్ పెట్టండి. పక్కవాడు కేబుల్స్ పట్టుకుని ఉత్సాహంగా పరిగెత్తుకొస్తాడు. ఆపండి బాబూ, ముందు చూడనివ్వండి.

ఇక దీనికి మందు మెయింటెయినర్, అంటే మీరు లేనన్నాళ్ళూ బ్యాటరీని నిండుగా నిలబెట్టే చిన్న ఛార్జరు. అదేమిటో చెప్పడం మనవాళ్ళకి తేలిక. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడూ కరెంటుకి తగిలించే ఉంటుంది కదా? నిండేదాకా ఎక్కించి, నిండాక కొద్దిపాటి వోల్టేజీతో అలాగే నిలబెడుతుంది. ఇదీ అదే పని. ఎక్కించేటప్పుడు 14.4 వోల్టుల దాకా వెళ్తుంది, నిండాక 13.2 నుంచి 13.6 మధ్యకి దిగి కూర్చుంటుంది. నెలల తరబడి వదిలేయొచ్చు. పాతకాలపు ట్రికిల్ ఛార్జరు వేరు. అది నిండిందో లేదో చూసుకోకుండా పోస్తూనే ఉంటుంది, నీళ్ళు ఆవిరై పలకలు బయటపడతాయి. పెట్టె మీద మెయింటెయినర్ అనో, ఫ్లోట్ మోడ్ ఉందనో రాసి ఉన్నదే కొనండి. నోకో జీనియస్ 1, బ్యాటరీ టెండర్ జూనియర్ లాంటివి ఒక ఆంపు, ముప్పావు ఆంపు ఇస్తాయి. నిలబెట్టడానికి అవి చాలు. ఖాళీ బ్యాటరీని నింపాలంటే మాత్రం వాటికి రెండు మూడు రోజులు పడుతుంది, 4, 5 ఆంపులది రాత్రికి రాత్రి నింపుతుంది. ఊరినుంచి 230 వోల్టుల ఛార్జరు మోసుకు రాకండి. ఇక్కడ వచ్చేది 120 వోల్టులు. ఇన్‌పుట్ 100 నుంచి 240 అని లేబుల్ మీద ఉంటే తప్ప పనికిరాదు.

మోడ్ తప్పు నొక్కడం కూడా తరచూ జరిగేదే. మామూలు బ్యాటరీకి మామూలు 12 వోల్టుల మోడ్. మూత మీద ఏజీఎం (ఆమ్లాన్ని గాజుపీచులో పీల్చి ఉంచే రకం) అని ఉంటే ఏజీఎం మోడ్. లిథియం మోడ్ జోలికి పోవద్దు. రిపేర్ మోడ్‌లో వోల్టేజీ బాగా పైకి వెళ్తుంది, బ్యాటరీ కారుకి తగిలించి ఉండగా దాన్ని వాడొద్దు, కారులో ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి.

తగిలించే వరస ఇది. గోడ ప్లగ్గు ఇంకా పెట్టకుండానే, ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి. నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి కాదు, బ్యాటరీకి దూరంగా ఇంజను మీదో ఛాసీ మీదో రంగు లేని గట్టి ఇనుప బోల్టుకి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ దానికి దూరంగా పుట్టాలి. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది, నల్లది ఛాసీకి పెడితేనే లోపలికెళ్ళిన ఛార్జు దాని లెక్కలోకి వస్తుంది. రెండూ బిగిశాక గోడ ప్లగ్గు. తీసేటప్పుడు తిరగేయండి: ముందు గోడ, తర్వాత నలుపు, చివర ఎరుపు. ఏటా వెళ్ళేవాళ్ళయితే క్లిప్పులకు బదులు రింగు టెర్మినళ్ళు బిగించుకోండి. ఎర్ర తీగ మీద ఫ్యూజు ఉండేది చూడండి. చివర ఉండే రెండు పిన్నుల కనెక్టరు గ్రిల్ దగ్గరికి తెచ్చుకుంటే హుడ్ ఎత్తే పనే ఉండదు.

ఇక్కడ అందరూ వదిలేసేది గోడ దగ్గరి సంగతి. గరాజులో ఉండే ఔట్‌లెట్ తరచుగా జీఎఫ్‌సీఐ రకం, అంటే కరెంటు లీకయితే తనంతట తాను ఆగిపోయేది, మధ్యలో టెస్ట్, రీసెట్ బొత్తాలు ఉంటాయి. తడి తగిలితే అది ట్రిప్ అవుతుంది, మీరేమో రాజమండ్రిలో ఉంటారు. ఇంకొన్ని ఔట్‌లెట్లు లైటు స్విచ్‌తో కలిసి ఉంటాయి, రూమ్‌మేటు వెళ్తూ లైటు ఆర్పితే ఛార్జరూ ఆరిపోతుంది. వెళ్ళడానికి రెండు రోజుల ముందే తగిలించి, లైటు ఆర్పి చూడండి. ఎక్స్‌టెన్షన్ కార్డు బయట వాడదగ్గదే కావాలి, దాని మీద డబ్ల్యూ అక్షరం ఉంటుంది. రెండు తీగలు కలిసే చోటు మంచులో పడి ఉండకూడదు. కరెంటు పోయి వస్తే తనంతట తాను పాత మోడ్‌లోనే మొదలయ్యే ఛార్జరు ఎంచుకోండి. పచ్చ లైటు చూసి తృప్తిపడకండి. పది, పదిహేను డాలర్ల మల్టీమీటరుతో టెర్మినళ్ళ మధ్య చూస్తే 13 పైన కనబడాలి. ఛార్జరు తీసేసి ఒక రాత్రి వదిలాక 12.6 ఉంటే నిండు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. బండి ఆపిన వెంటనే కొలిస్తే వచ్చే అంకెను నమ్మొద్దు, అది పైపై పొంగు.

వెళ్ళేముందు పీకేయాల్సినవి కూడా ఉన్నాయి. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ 200, 300 మిల్లీఆంపులు తాగొచ్చు. దాన్ని ఆపే కటాఫ్ లేకపోతే మంచి బ్యాటరీని కూడా వారం పదిరోజుల్లో ముగించేస్తుంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (మెకానిక్కులు తమ స్కానరు తగిలించే చోటు) పెట్టిన ఇన్సూరెన్సు డాంగిల్, సిగరెట్ లైటర్‌లో ఫోన్ ఛార్జరు, ట్రంకులో లైటు. కీలెస్ కారయితే తాళంచెవిని కారు పక్క గోడకే తగిలించకండి, కొన్ని కార్లు దాన్ని పసిగట్టి మేలుకుంటూనే ఉంటాయి.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి ప్లగ్గు ఎక్కడుంటుంది అంటారు. నిజమే, చాలామందికి ఉండదు. మూడో అంతస్తు కిటికీలోంచి వైరు కిందికి దింపకండి, లీజు ఒప్పుకోదు, నడిచేవాళ్ళకు అడ్డం. అలాంటప్పుడు మైనస్ టెర్మినల్ విప్పేయడమే మందు. చాలా జపాన్ కార్లకి 10 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. నట్టు వదులు చేసి, తీగను పక్కకి వంచి, గుడ్డ చుట్టండి. కారు తాగడం అక్కడితో ఆగుతుంది. చలిలో బ్యాటరీ తనంతట తాను దిగడం చాలా నెమ్మది, నిండుగా ఉన్నది వసంతం దాకా ఆగగలదు. కానీ నిండుగా ఉండాలి, మళ్ళీ అదే మాట. వెళ్ళేముందు హైవే మీద ఒక గంట తిప్పడం కొంత నయం. విప్పి ఆటోజోన్ లాంటి షాపుకి తీసుకెళ్తే ఉచితంగా పరీక్షించి ఛార్జు కూడా చేసిస్తారు, అది ఇంకా నయం.

విప్పితే గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. కొన్ని హోండాలకు రేడియో కోడ్ అడుగుతుంది, ముందే రాసి పెట్టుకోండి. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఎమిషన్ (పొగ) పరీక్ష దగ్గరపడి ఉంటే, కంప్యూటర్ మళ్ళీ సిద్ధం కావడానికి కొన్ని రోజులు నడపాలి. పాత ప్రియస్ లాంటి కార్లలో 12 వోల్టుల బ్యాటరీ వెనక ట్రంకులో ఉంటుంది, ఆ తలుపు కరెంటుతో తెరుచుకునేది. బ్యాటరీ విప్పి తలుపు మూశారా, ఇక తెరుచుకోదు. ఆ తలుపు గొళ్ళెం పడకుండా చూసుకోండి, రిమోట్‌లో దాక్కున్న ఇనుప తాళంచెవి ముందు తలుపుకి పనిచేస్తుందో లేదో ఇప్పుడే చూడండి. టెస్లా వాళ్ళు ఇవేమీ చేయొద్దు. ఛార్జింగ్‌కి తగిలించి వెళ్ళండి, చిన్న బ్యాటరీని అదే చూసుకుంటుంది. పైగా కొత్తవాటిలో ఆ చిన్నది లిథియం, ఈ ఛార్జర్లు దానికి పనికిరావు.

డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న సోలార్ పలక గురించి అడుగుతారు. ఉత్తరాన జనవరి ఎండ ఎంత, అందులో అద్దం మీద మంచు ఎంత? పైగా చాలా కార్లలో తాళం తీసేశాక సిగరెట్ లైటర్ సాకెట్టు చచ్చిపోతుంది, అక్కడ గుచ్చితే ఏమీ ఎక్కదు. డల్లాస్‌లో, ఫీనిక్స్‌లో ఆరుబయట కారయితే, బ్యాటరీకి నేరుగా కలిపితే, ఆలోచించొచ్చు.

కెనడాలో విన్నిపెగ్, ఎడ్మంటన్ వైపు పార్కింగ్ స్తంభాలకు ఔట్‌లెట్లు ఉంటాయి. అవి ఇంజను బ్లాక్ హీటర్ కోసం. హీటరు ఇంజనుని వెచ్చబరుస్తుంది, బ్యాటరీకి ఏమీ పోయదు. ఆ ఔట్‌లెట్లలో కొన్ని చలిని బట్టి ఆగుతూ వస్తూ ఉంటాయి, మెయింటెయినరు పెడితే అది గుర్తుంచుకోండి.

"వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేయరా" అని స్నేహితుడికి తాళాలిచ్చి వెళ్ళకండి. నిలబెట్టి నడిపిన పది నిమిషాలు, స్టార్ట్‌కి పోయినంత కూడా చలిలో తిరిగి ఇవ్వకపోవచ్చు. ఇస్తే అరగంట, ముప్పావుగంట హైవే మీద నడపమని ఇవ్వండి. వాళ్ళు నడపడం మీ ఇన్సూరెన్సుకి సమ్మతమో కాదో ముందే కనుక్కోండి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. రెండు వారాల ప్రయాణానికి, మూడేళ్ళు దాటని బ్యాటరీకి, డ్యాష్‌క్యామ్ లేని కారుకి ఇవేవీ అక్కర్లేదు, హాయిగా వెళ్ళి రండి. స్టిక్కరు మీద తేదీ చూసుకోండి. నాలుగైదేళ్ళదయితే మీరు ఏం చేసినా ఈ చలికాలమో పైచలికాలమో పోతుంది, ప్రయాణానికి ముందే మార్చేస్తే నిశ్చింత. పోయినా ప్రపంచం మునిగిపోదు. మీ కారుకి ఏ సైజో షాపువాళ్ళే చూసి చెప్తారు, పాతది తిరిగిస్తే దాని కోసం పట్టి ఉంచిన సొమ్ము, కోర్ డిపాజిట్, వెనక్కిస్తారు, చాలా మామూలు కార్లకు అక్కడే బిగించి కూడా పెడతారు.

తిరిగొచ్చిన రాత్రి నిద్రమత్తులో ఉంటారు. వైరు తగిలి ఉండగానే కారు తీసి, కార్డుతోపాటు ఔట్‌లెట్టునీ ఊడబెరికేవాళ్ళున్నారు. వెళ్ళేముందు స్టీరింగ్‌కి ఒక ఎర్ర గుడ్డ కట్టి వెళ్ళండి.