పాత స్ట్రాటోకాస్టర్ కొన్నారా? తుడిచి మెరిపించే ముందు ఇవి చేయండి

పాత గిటార్ ఇంటికి రాగానే చాలామందికి చేతులు ఊరుకోవు. పాలిష్ పెట్టాలి, తుప్పు పట్టిన స్క్రూలు మార్చాలి అనిపిస్తుంది. వద్దు. 1960ల నాటి స్ట్రాటోకాస్టర్‌కు (అమెరికా కంపెనీ ఫెండర్ చేసిన ఎలక్ట్రిక్ గిటార్) విలువంతా ఎవరూ వేలు పెట్టకుండా మిగిలిన భాగాల్లోనే ఉంటుంది.

ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. విప్పుతున్నప్పుడు కూడా తీస్తూ ఉండండి.

తర్వాత వయసు తేల్చాలి. గిటార్ వెనక, నెక్‌ను (పొడవాటి మెడ భాగాన్ని) బిగించే నెక్ ప్లేటు మీద సీరియల్ నంబరు ఉంటుంది. అయితే నాలుగు స్క్రూలు విప్పితే మారిపోయే ప్లేటు అది, దాన్నొక్కదాన్నే నమ్మలేం. తీగలు వదులు చేసి, నెక్ ఊడదీసి, బాడీలో కూర్చునే దాని చివర చూడండి. 1962 తర్వాతి వాటిలో ‘2 మార్ 63 బి’ లాంటి ముద్ర కనిపిస్తుంది. దీన్ని మార్చి 2వ తేదీ అనుకుంటారు చాలామంది. ఆ 2 స్ట్రాటోకాస్టర్ కోడ్. ‘బి’ అనేది నెక్ వెడల్పు. తేదీగా పనికొచ్చేది నెల, సంవత్సరమే.

ఇప్పుడు బాడీ ముందువైపు ప్లాస్టిక్ పలకకు, అంటే పిక్‌గార్డ్‌కున్న 11 స్క్రూలు తీసి, వైర్లు లాగకుండా మెల్లగా తిప్పండి. వాల్యూమ్, టోన్ గుండీల కిందుండే పాట్‌ల (పొటెన్షియోమీటర్ల) మీద 3046308 లాంటి అంకెలుంటాయి. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 63 సంవత్సరం, 08 ఆ ఏడాది ఎనిమిదో వారం. 137తో మొదలైతే సీటీఎస్ అనే కంపెనీవి. ఫిబ్రవరి పాట్, మార్చి నెక్ చక్కగా కుదిరాయి. నెలల తేడా ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఫ్యాక్టరీలో ఏ డబ్బాలో చేయి పెడితే అది బిగించేవారు. 1966 నాటి పాట్‌లైతే ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడారు. టంకం కూడా గమనించండి. మిగతావన్నీ మసకబారి ఒక్కటే తళతళలాడుతుంటే అక్కడ ఎవరో పని చేసినట్టే.

1965 జనవరిలో ఫెండర్‌ను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొనేసింది. అంతకు ముందువాటికి ధర బాగా ఎక్కువ. నన్నడిగితే, 1966లో వచ్చినదైనా చేతికి హాయిగా ఉంటే అదే మంచి గిటార్.

సంరక్షణ దగ్గర జాగ్రత్త అంతా నైట్రో లక్కర్ అనే పైపూత గురించే. రబ్బరు స్టాండు మీద వదిలేస్తే ఆ తాకిన చోట పెయింట్ మెత్తబడి మచ్చ పడుతుంది. కేసులోనే ఉంచండి. మెత్తటి పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. తేమ 45–55 శాతం ఉండాలి. విశాఖలాంటి ఊళ్లో కేసులో చిన్న తేమ మీటరు, సిలికా జెల్ పెట్టుకోవడం మేలు.

అమెరికాలో కొని ఇండియాకి తెచ్చుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఆ కాలపు ఫ్రెట్‌బోర్డులు (నెక్ మీద వేళ్లతో నొక్కే చెక్కలు) చాలావరకు బ్రెజిలియన్ రోజ్‌వుడ్. 1992 నుంచి దానిపై సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం కింద కఠినమైన ఆంక్షలున్నాయి. అనుమతి పత్రాలు లేకుండా బయల్దేరితే ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్పదు.

ఇక వాయించండి. పికప్‌లను (తీగల కంపనాన్ని పట్టే భాగాలను) ఎంచుకునే అప్పటి స్విచ్‌కి మూడే స్థానాలు. వాటి మధ్యలో నిలబెడితే రెండు పికప్‌లు కలిసి ముక్కుతో పాడినట్టు పలుకుతాయి. వాయిద్యకారులు ఆ శబ్దం వదల్లేకపోయారు, 1977లో ఫెండరే ఐదు స్థానాల స్విచ్ పెట్టింది. మీరూ మార్చుకోవచ్చు, పాత స్విచ్ మాత్రం కేసులో దాచండి. ఫ్రెట్లు (నెక్ మీది లోహపు పట్టీలు) అరిగిపోతే నిస్సంకోచంగా మార్పించండి. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పండి. కొత్తది వేస్తే గరగర పోతుంది గానీ, దాంతో పాటే ఆ తేదీ కూడా పోతుంది.